హెచ్‌ఐవీ ఉన్నప్పుడు చర్మ క్యాన్సర్: మాత్రలతో ఆగాలా, కీమోకి వెళ్లాలా, కోయించుకోవాలా?

"చెప్పు కరిచిందనుకున్నా మేడమ్" అంటూ అతను ఎడమ కాలు ఎత్తి స్టూలు మీద పెట్టాడు. అరికాలి వంపులో ఐదు మచ్చలు. వంకాయ తొక్క రంగు. వేలితో నొక్కితే తెల్లబడలేదు. నొప్పి లేదు, దురద లేదు. టాంజానియాలో ఏడేళ్లు ఒక గోదాములో లెక్కలు చూసి, ఆర్నెల్ల కిందట ఊరికొచ్చాడు. సీడీ4 లెక్క, అంటే ఒంటికి కాపలా కాసే కణాల సంఖ్య, 96. బాగా తక్కువ. ముక్క తీసి పరీక్షకి పంపితే కపోసీ సార్కోమా అనే క్యాన్సర్ అని వచ్చింది. ఆ కాగితం చేతికొచ్చిన దగ్గర్నుంచి వాళ్లావిడది ఒకటే ప్రశ్న: "కీమో ఎప్పుడు మొదలుపెడతారు?"

కీమో మొదలుపెట్టలేదు. అతనికి దాని అవసరం పడలేదు.

అదే ఏడాది ఇంకొకావిడ వచ్చింది. చిన్నప్పుడు కిరోసిన్ స్టవ్వు మంటకి పిక్క కాలి, ఆ కాలిన మచ్చ మీద ఇప్పుడు పుండు లేచింది. హెచ్‌ఐవీ మందులు ఒక్క పూట కూడా తప్పని మనిషి. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనపడటం లేదు. "మాత్రలు పడుతున్నాయిగా, అదే మానుతుందిలే" అని ఎవరో చెబితే ఎనిమిది నెలలు కట్లు కట్టించుకుంటూ కూర్చుంది. అది స్క్వామస్ సెల్ కార్సినోమా, చర్మం పై పొరలో పుట్టే క్యాన్సర్. మా దగ్గరికి వచ్చేసరికే గజ్జల్లో బిళ్ళ కట్టింది.

అతను ఆగి బాగుపడ్డాడు, ఆమె ఆగి చెడింది. ఇద్దరిదీ "హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి వచ్చే చర్మ క్యాన్సరే". అందుకే ఏ మందు మంచిదని అడిగే ముందు ఏ క్యాన్సరో తేలాలి. నేను డాక్టర్ని కాను. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్లో పదకొండేళ్లుగా కౌన్సెలర్ని. మందు రాసేది డాక్టర్లు. రాసిన కాగితం పట్టుకుని ఇంటికెళ్లే ముందు మనుషులు ఆగి అడిగేది మాత్రం నన్ను. ఆ ప్రశ్నలకి నేను చెప్పే జవాబులే ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఎందుకు వస్తుంది

హెచ్‌ఐవీ తిన్నగా క్యాన్సర్ పుట్టించదు. ఒంటికి కాపలా కాసే సీడీ4 కణాల్ని తినేస్తుంది. కాపలా పోయాక, అప్పటిదాకా ఒంట్లో నోరు మూసుకుని పడున్న వేరే వైరస్‌లు లేస్తాయి.

కపోసీ సార్కోమాకి కారణం హెచ్‌హెచ్‌వీ-8 అనే హెర్పిస్ జాతి వైరస్. ఈ జబ్బుని వియన్నాలో చర్మ వైద్యుడు మోరిట్స్ కపోసీ 1872లోనే వర్ణించాడు. అప్పట్లో అది మధ్యధరా ప్రాంతపు ముసలివాళ్ల కాళ్ల మీద నిదానంగా పాకే జబ్బు. 1981 జూలైలో న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో 26 మంది మగవాళ్లకి ఇదే మచ్చలు వచ్చాయని అమెరికా ఆరోగ్య శాఖ వారపత్రిక రాసింది. ఎయిడ్స్ అనే పేరు ఇంకా పుట్టకముందే దాన్ని పట్టించిన గుర్తుల్లో ఈ వంకాయ రంగు మచ్చ ఒకటి. వైరస్ మాత్రం 1994 దాకా దొరకలేదు. యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ అనే భార్యాభర్తలు దాన్ని పట్టుకున్నారు. అది ఎక్కువగా లాలాజలం ద్వారా పాకుతుంది. మచ్చని ముట్టుకుంటే అంటదు. ఈ మాట ఇంట్లోవాళ్లకి నేను రెండుసార్లు చెబుతాను, ఎందుకంటే మొదటిసారి ఎవరూ నమ్మరు.

తూర్పు ఆఫ్రికాలో ఆ వైరస్ ఇంటింటికీ ఉంది. మన దేశంలో తక్కువ. అందుకే ఇక్కడ దాదాపు 25 లక్షల మంది హెచ్‌ఐవీతో బతుకుతున్నా కపోసీ అరుదు. పదకొండేళ్లలో నేను చూసింది ఇద్దర్నే. అరుదు కాబట్టే మన దగ్గర దాన్ని గుర్తుపట్టేవాళ్లూ తక్కువ. దుబాయ్ సంగతి వేరు గానీ, ఉగాండా, టాంజానియా, మలావీ వైపు పనికి వెళ్లొచ్చినవాళ్లు ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

స్క్వామస్‌కీ, చర్మం అడుగు పొరలో పుట్టే బేసల్ సెల్ అనే ఇంకో క్యాన్సర్‌కీ ప్రధాన కారణం ఎండ. మన చర్మంలో రంగు ఎక్కువ కాబట్టి ఎండ వల్ల వచ్చేవి తెల్లవాళ్లతో పోలిస్తే బాగా తక్కువ. కాలిన మచ్చలు, ఏళ్ల తరబడి మానని పుండ్లు, కుష్ఠు వల్ల స్పర్శ పోయిన అరికాలి పుండ్లు మన దగ్గర స్క్వామస్‌కి మామూలు పుట్టిళ్లు. మర్మాంగాల దగ్గర, మలద్వారం దగ్గర వచ్చే స్క్వామస్‌కి పులిపిరుల వైరస్, అంటే హెచ్‌పీవీ, తరచూ కారణం. అమెరికాలో తెల్లవారి మీద చేసిన పరిశీలనల్లో హెచ్‌ఐవీ ఉన్నవారికి ఈ రెండు చర్మ క్యాన్సర్లూ సుమారు రెండింతలు ఎక్కువ అని తేలింది. స్క్వామస్ అయితే సీడీ4 పడిపోయేకొద్దీ ఇంకా పెరుగుతుంది.

మెర్కెల్ సెల్ కార్సినోమా అని ఇంకొకటుంది, చాలా అరుదు, చాలా దూకుడు. దానికీ ఒక వైరస్ ఉంది. దాన్నీ 2008లో ఆ చాంగ్, మూర్ దంపతులే కనిపెట్టారు.

మొదటి ఎంపిక: చూసి మందు రాయించుకోవడమా, ముక్క తీయించడమా

ఇందులో తటపటాయింపు వద్దు. ముక్క తీయించండి. మత్తు సూది వేసి, పెన్ను రీఫిల్ మందాన ఉండే చిన్న గొట్టంతో నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. ఒకట్రెండు కుట్లు. పది నిమిషాల పని.

"క్యాన్సర్ గడ్డని కెలికితే పాకుతుంది" అనే భయం మనవాళ్లలో గట్టిగా ఉంది. ముక్క తీస్తే పాకదు. ముక్క తీయకపోతే ఏమవుతుందో చెబుతాను. బాసిలరీ ఆంజియోమటోసిస్ అని బార్టొనెల్లా బాక్టీరియా వల్ల వచ్చే జబ్బుంది. ఎర్రగా, ఊదాగా, అచ్చం కపోసీలాగే ఉంటుంది. అది క్యాన్సరే కాదు, డాక్సీసైక్లిన్‌తోనో ఎరిత్రోమైసిన్‌తోనో మానిపోతుంది. చర్మానికి పట్టే టీబీ, కొన్ని ఫంగస్ జబ్బులు కూడా ఇలాగే వేషం వేస్తాయి. మామూలు యాంటీబయాటిక్‌తో పోయేదానికి కీమో ఎక్కించుకోవడం ఎంత అన్యాయమో, క్యాన్సర్‌కి పూతమందు రాసుకుంటూ కూర్చోవడం అంతే అన్యాయం. రిపోర్టులో హెచ్‌హెచ్‌వీ-8 రంగు పరీక్ష చేశారో లేదో అడగండి. లానా పరీక్ష అని కూడా అంటారు. అది పాజిటివ్ అయితే కపోసీ గురించి ఇక అనుమానం ఉండదు.

కపోసీ అని తేలితే: మాత్రలా, కీమోనా

ఇక్కడే కుటుంబాలు రెండుగా చీలుతాయి. క్యాన్సర్ అన్నాక కీమో పెట్టకపోతే డాక్టరు నిర్లక్ష్యం చేస్తున్నాడనుకుంటారు. నిజానికి కపోసీకి మొదటి మందు హెచ్‌ఐవీ మాత్రే. మన సెంటర్లలో ఉచితంగా ఇచ్చే టీఎల్‌డీ, అంటే టెనోఫొవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిపిన మాత్ర, రోజుకొకటి. వైరస్ అణిగి కాపలా తిరిగొస్తే ఒళ్లే ఈ మచ్చల్ని అణుస్తుంది. మామూలు క్యాన్సర్లలో ఇలా జరగదు. కపోసీ ఆ లెక్కలో వింత జబ్బు.

మరి మాత్రలు చాలేది ఎవరికి? మచ్చలు చర్మం మీదే ఉండి, కాలు వాయకుండా, పుండు పడకుండా ఉన్నవాళ్లకి. నోట్లో అంగిలి మీద చదునుగా కాస్త మచ్చ ఉన్నా ఈ లెక్కలోకే వస్తుంది. డాక్టర్లు దీన్ని టీ0 అని రాస్తారు. కాలికి నీరు పట్టి బిగుసుకుపోయినా, మచ్చ పగిలి పుండైనా, నోట్లో గడ్డలు లేచి మింగుడు పడకపోయినా, ఊపిరితిత్తులకో పేగులకో పాకినా అది టీ1. వాళ్లకి మాత్రలతో పాటు కీమో కలపాలి. మచ్చల సంఖ్య మీద ఆధారపడి నిర్ణయం జరగదు. చేతుల మీద ఇరవై చదును మచ్చలున్న మనిషి ఆగొచ్చు. ఒక్కటే మచ్చ ఉన్నా అది ఊపిరితిత్తిలో ఉంటే ఆగకూడదు.

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో 112 మందితో ఒక పరీక్ష జరిగింది, 2012లో ఫలితాలు వచ్చాయి. ఎక్కువమందిది ముదిరిన దశే. సగం మందికి మాత్రలే ఇచ్చారు, సగం మందికి మాత్రలూ కీమో రెండూ. ఏడాది తిరిగేసరికి మాత్రల వర్గంలో 39 శాతం మందికి మచ్చలు తగ్గాయి, రెండూ తీసుకున్న వర్గంలో 66 శాతం మందికి. బతికున్నవాళ్ల లెక్కలో మాత్రం రెండు వర్గాలకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్ని నేను ఇలా అర్థం చేసుకుంటాను: కీమో మచ్చని త్వరగా లొంగదీస్తుంది. నడవలేని కాలు, తినలేని నోరు ఉన్న మనిషికి ఆ "త్వరగా" అనేదే బతుకు. సాక్సు లోపల దాగే నాలుగు మచ్చలున్న మనిషికి దానికోసం జుట్టూ, ఒంట్లో బలమూ పోగొట్టుకోవడం దండగ.

మాత్రల దారి పట్టినవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మొదటి మూడు నెలల్లో మచ్చలు తగ్గే బదులు ఉబ్బొచ్చు, కొత్తవి లేవొచ్చు. తిరిగొచ్చిన కాపలా ఒక్కసారిగా విరుచుకుపడటం వల్ల జరిగేది ఇది. "మందు పడలేదు" అని ఇక్కడే చాలామంది మాత్ర మానేస్తారు. మానకండి, సెంటర్‌కి రండి. ఆయాసం, దగ్గులో రక్తం, నల్లటి విరేచనం కనిపిస్తే మాత్రం నెలవారీ తేదీ దాకా ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అప్పుడు కీమో కలపాల్సి రావచ్చు.

ఇంకో మాట పెద్ద అక్షరాలతో రాయాల్సినంత ముఖ్యం. కపోసీ ఉన్న మనిషికి స్టెరాయిడ్లు విషంతో సమానం. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బెటామెథసోన్ పడితే మచ్చలు చెలరేగుతాయి. మన ఊళ్లలో మోకాళ్ల నొప్పికీ, దురదకీ, ఆయాసానికీ ఆర్‌ఎంపీలు వేసే "పవర్ సూది" చాలాసార్లు అదే. నేను చూసిన రెండో మనిషి, అరవై దాటిన పెద్దాయన, అలా రెండు సూదులు పడ్డాకే నోట్లో గడ్డలతో వచ్చాడు. ప్రాణం మీదకొచ్చిన కొన్ని జబ్బుల్లో స్టెరాయిడ్ తప్పదు. అది పెద్ద డాక్టర్లు తూచి ఇచ్చేది, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది కాదు.

ఒకటో రెండో మచ్చలే ఇబ్బంది పెడితే

ముఖం మీద మచ్చ ఉంటే మనిషి పెళ్లికి వెళ్లడు, పనిలోకి వెళ్లడు. అది చిన్న బాధేం కాదు. ఇలాంటి చోట మాత్రలు కొనసాగిస్తూనే ఆ ఒక్క మచ్చకి పైపై చికిత్స చేయించవచ్చు.

ద్రవ నత్రజనితో గడ్డకట్టించడం చవక, త్వరగా అయిపోతుంది. కానీ చామనఛాయ చర్మం మీద ఆ చోట తెల్లమచ్చ మిగులుతుంది. తెల్ల దేశాల పుస్తకాల్లో దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. మన దగ్గర తెల్లమచ్చని చూసి బొల్లి అనీ కుష్ఠు అనీ చెవులు కొరుక్కుంటారు. ముఖానికి నేనైతే వద్దంటాను, అరికాలికైతే సరే. మచ్చలోకే విన్‌బ్లాస్టిన్ అనే కీమో మందు సూది వేయడం రెండో దారి. నొప్పి ఉంటుంది, రంగు కొంత మిగులుతుంది, కానీ గడ్డ అణుగుతుంది. నోటి లోపలి చిన్న గడ్డలకి ఇది పనికొస్తుంది. ఆలిట్రెటినాయిన్ జెల్ అని అమెరికాలో 1999 నుంచి ఉంది. ఇంటర్నెట్లో చదివి దానికోసం తిరక్కండి. పొద్దున్నా రాత్రీ నెలల తరబడి రాయాలి, చర్మం మండుతుంది, లోతైన గడ్డకి పనిచేయదు.

కరెంటు పెట్టించడం, అదే రేడియేషన్, కపోసీ మీద బాగా పనిచేస్తుంది. ఒక్క విడతలో 8 గ్రే (రేడియేషన్ కొలత) ఇచ్చి కూడా నొప్పి తగ్గిస్తారు. అరికాలి గడ్డ పగిలి అడుగు వేయలేనివాళ్లకి ఇది మంచి ఎంపిక. వాచిన కాలికి ఇస్తే వాపు బిగుసుకుపోయే ప్రమాదముంది, నోటికి ఇస్తే లోపలంతా పూసి వారాల తరబడి గంజి కూడా దిగదు. ఈ రెండు చోట్లా నా ఓటు కీమోకే.

కీమోనే అయితే, ఏది

డాక్టరు ముందు ప్రధానంగా రెండు సీసాలుంటాయి.

ఒకటి లైపోసోమల్ డాక్సోరుబిసిన్. సన్నటి కొవ్వు బుడగల్లో చుట్టిన ఎర్రమందు. గ్లూకోజు నీళ్లలో కలిపి ఎక్కిస్తుంటే గొట్టమంతా రూఅఫ్జా రంగులో ఉంటుంది. శరీర విస్తీర్ణంలో చదరపు మీటరుకి 20 మి.గ్రా. చొప్పున మూడు వారాలకోసారి. జుట్టు పెద్దగా ఊడదు. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండొచ్చు. గుండె మీద భారం పడొచ్చు కాబట్టి ముందు ఎకో, అంటే గుండె స్కానింగ్, తీస్తారు. అమెరికాలో 1995లో దీనికి అనుమతి దొరికింది మొట్టమొదట కపోసీ కోసమే. 2012లో అక్కడ ఈ మందుకి కరువొస్తే మన సన్ ఫార్మా తయారుచేసే లైపోడాక్స్‌ని దిగుమతి చేసుకున్నారు. అంటే ఇది మన దేశంలో దొరికే మందే, ధర మాత్రం ఎక్కువ.

రెండోది పాక్లిటాక్సెల్. చదరపు మీటరుకి 100 మి.గ్రా. రెండు వారాలకోసారి. ధర బాగా తక్కువ, రొమ్ము క్యాన్సర్‌కి వాడే మందే కాబట్టి ఏ క్యాన్సర్ ఆసుపత్రిలోనైనా ఉంటుంది. జుట్టు మొత్తం పోతుంది. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి. ఇంకో చిక్కు: అలర్జీ రాకుండా ముందు డెక్సామెథసోన్ ఇవ్వాలి, అది స్టెరాయిడే. కపోసీలో ఆ డోసు తగ్గించి ఇస్తారు. మీ డాక్టరు తగ్గించారో లేదో అడగడంలో తప్పు లేదు.

ఈ రెంటినీ 73 మంది మీద పక్కపక్కన పోల్చి 2010లో ఫలితం ప్రచురించారు. మచ్చలు తగ్గింది పాక్లిటాక్సెల్‌తో 56 శాతం మందికి, లైపోసోమల్ మందుతో 46 శాతం మందికి. అంత చిన్న గుంపులో ఆ తేడా తేడా కిందకి రాదు. తీవ్రమైన దుష్ఫలితాలు పాక్లిటాక్సెల్ వర్గంలో ఎక్కువ కనిపించాయి. కాబట్టి డబ్బు అడ్డం కాకపోతే, గుండె బాగుంటే, లైపోసోమల్ మందుకే నా మొగ్గు. డబ్బు అడ్డమైతే పాక్లిటాక్సెల్ తీసుకోండి, రెండో రకం మందు తీసుకుంటున్నామని కుంగిపోవాల్సిన పనేం లేదు. ఆ కింది మెట్టు దిగొద్దు. బ్లియోమైసిన్, విన్‌క్రిస్టిన్ జోడీనీ, ఎటొపొసైడ్ మాత్రల్నీ కెన్యా, మలావీ, ఉగాండా, జింబాబ్వే, దక్షిణాఫ్రికా, బ్రెజిల్ రోగుల్లో పాక్లిటాక్సెల్‌తో పోల్చారు. రెండూ పాక్లిటాక్సెల్ ముందు నిలవలేదు.

వీటికి లొంగకపోతే పొమాలిడొమైడ్ మాత్ర ఉంది, 2020లో అమెరికాలో కపోసీకి అనుమతి వచ్చింది. మూడు వారాలు వేసుకుని ఒక వారం ఆపాలి. ఇది థాలిడొమైడ్ కుటుంబం, కడుపులో బిడ్డకి ఘోరం. పిల్లలు పుట్టే వయసు స్త్రీ, పురుషులిద్దరూ ఇది గుర్తుపెట్టుకోవాలి. రక్తం గడ్డకట్టే భయం కూడా ఉంది.

కీమో ఎంచుకున్నప్పుడు హెచ్‌ఐవీ మాత్రల్నీ ఒకసారి తిరగేసి చూడాలి. టీఎల్‌డీతో పెద్ద గొడవ లేదు. మొదటివి పనిచేయక మార్చి ఇచ్చే రెండో వరస హెచ్‌ఐవీ మందుల్లో రిటొనవిర్ ఉన్నవాళ్లకి పాక్లిటాక్సెల్, విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ ఒంట్లోంచి త్వరగా పోవు, కాళ్లూ చేతులూ చచ్చుబడతాయి. జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు వాడేవాళ్లకి కీమోతో కలిస్తే రక్తం బాగా పడిపోతుంది. ఇవి మార్చదగ్గవే. కానీ మార్చాలంటే ముందు క్యాన్సర్ డాక్టరుకి మీ హెచ్‌ఐవీ సంగతి తెలియాలి. దాచి కీమో చేయించుకున్నవాళ్లని నేను చూశాను, తిమ్మిర్లు ఎందుకొచ్చాయో అక్కడ ఎవరికీ అంతుబట్టలేదు.

స్క్వామస్, బేసల్ సెల్: ఇక్కడ ఆగడం లేదు

పిక్క మీద పుండుతో వచ్చిన ఆవిడ దగ్గరికి వద్దాం. స్క్వామస్‌ని హెచ్‌ఐవీ మాత్ర కరిగించదు. మాత్ర వాడాలి, నిజమే, కాపలా బలంగా ఉంటే మళ్లీ రావడం తగ్గుతుంది. గడ్డని తీసేది మాత్రం కత్తే.

కోత ఎంత? తక్కువ ప్రమాదపు స్క్వామస్‌కి గడ్డ చుట్టూ నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల మంచి చర్మం కూడా కలిపి తీస్తారు, బేసల్ సెల్‌కి నాలుగు. కళ్లు, ముక్కు, పెదవుల దగ్గర అంత చర్మం వదులుకోలేం కాబట్టి పొర పొరగా తీస్తూ, తీసినదాన్ని అక్కడికక్కడే మైక్రోస్కోపు కింద చూసే మోస్ పద్ధతి మేలు. అది పెద్ద నగరాల్లో కొన్ని చోట్లే ఉంది. ముఖం మీద బేసల్ సెల్‌కి దానికోసం ప్రయాణం చేయడం న్యాయమే. పిక్క మీద స్క్వామస్‌కి అక్కర్లేదు, మామూలు సర్జన్ చాలు. అంచుల్లో క్యాన్సర్ మిగల్లేదని రిపోర్టులో రాశారా అన్నదొక్కటే చూసుకోండి.

ఇమిక్విమాడ్, 5-ఎఫ్‌యూ పూతమందులు పై పొర దాటనివాటికే. "కోయకుండా క్రీముతో తగ్గిస్తాం" అనే మాట లోతైన పుండుకి చెబితే లేచి వచ్చేయండి. కరెంటు పెట్టించడం వయసు మీరినవాళ్లకీ, మత్తుకి తట్టుకోలేనివాళ్లకీ మంచి ప్రత్యామ్నాయం. కానీ కాలిన మచ్చ మీద పుట్టిన పుండుకి మొదటి ఎంపికగా వద్దు, అసలే రక్తం సరిగా అందని చర్మం అది. గజ్జల్లో, చంకలో బిళ్ళ ఉంటే దానికీ సూది పరీక్ష చేయించాలి. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఈ క్యాన్సర్ మళ్లీ లేచే ప్రమాదం ఎక్కువ, కాబట్టి మొదటి రెండేళ్లు మూడు, నాలుగు నెలలకోసారి చూపించుకోవాలి. ఆవిడకి పుండుతో పాటు గజ్జల బిళ్ళలూ తీసి, తర్వాత కరెంటు పెట్టారు. కాలు దక్కింది. ఇప్పుడు వాపు కట్టు బిగించుకుని మిషను కుడుతోంది. ఆ ఎనిమిది నెలల ముందే వచ్చుంటే చిన్న కోతతో పోయేది.

బేసల్ సెల్ మన చర్మం మీద నల్లగా, పుట్టుమచ్చలా, అంచు ముత్యంలా మెరుస్తూ ఉంటుంది. పాకడం, చంపడం చాలా అరుదు, కానీ వదిలేస్తే ముక్కు తినేస్తుంది. మెర్కెల్ గురించి ఒక్క మాట: నొప్పి లేకుండా వారాల్లో పెరిగే ఎర్రటి బుడిపె కనిపిస్తే నెలాఖరు దాకా ఆగొద్దు. కోత, తర్వాత రేడియేషన్. ముదిరితే 2017 నుంచి అవెలుమాబ్ లాంటి, ఒంటి కాపలానే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందులున్నాయి, వాటి ధర మధ్యతరగతి ఇంటిని కుదిపేస్తుంది.

మలద్వారం దగ్గర క్యాన్సర్‌గా మారబోయే మార్పులు దొరికితే "చూద్దాంలే" అనడం ఒకప్పుడు చెల్లింది. హెచ్‌ఐవీ ఉన్న నాలుగు వేల పైచిలుకు మందితో అమెరికాలో చేసిన పరీక్ష 2022లో దాన్ని మార్చేసింది. ముందే తీయించుకున్నవాళ్లలో క్యాన్సర్ 57 శాతం తగ్గింది.

కంట్లో కండ పెరిగితే

ఇది చర్మం కాదు, అయినా చెప్పక తప్పదు, ఎందుకంటే మన దగ్గర ఇది కపోసీ కంటే ఎక్కువ కనిపిస్తుంది. కంటి తెల్లగుడ్డు మీద, ఎక్కువగా నల్లగుడ్డు అంచున, తెల్లగా గుజ్జులా కండ లేస్తుంది. అందరూ మామూలు కండ అనుకుంటారు. వయసులో ఉన్నవాళ్లకి ఇలా వస్తే హెచ్‌ఐవీ పరీక్ష చేయించాలి, దీంతోనే హెచ్‌ఐవీ బయటపడినవాళ్ల గురించి హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు పరిశోధన పత్రాలే రాశారు. చిన్నదైతే రెండు దారులు: కోసి అంచుల్ని గడ్డకట్టించడం, లేదా నెలల తరబడి చుక్కలు. ఇంటర్‌ఫెరాన్ చుక్కలు మంట పెట్టవు, కానీ ఖరీదు, ఫ్రిజ్‌లో ఉంచాలి. 5-ఎఫ్‌యూ చుక్కలు చవక, కళ్లు ఎర్రబడతాయి. ఇంట్లో ఫ్రిజ్ లేని, నెలనెలా వచ్చి చూపించుకోలేని మనిషికి చుక్కల దారి నేను చెప్పను, ఒక్కసారి కోయించుకోమంటాను.

ఎక్కడికెళ్లాలి

ఏఆర్టీ సెంటర్ నుంచి రెఫరల్ చీటీ రాయించుకుని వెళ్లండి, ఖాళీ చేతులతో వెళ్లొద్దు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, విశాఖ వైపు వాళ్లకి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఆరోగ్యమిత్ర దగ్గర ముందు మీ రోగానికి ఏ ప్యాకేజీ వర్తిస్తుందో అడగండి, తర్వాతే డబ్బు కట్టండి. హెచ్‌ఐవీ ఉందని చికిత్సకి ఒప్పుకోకపోవడం 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం నిషిద్ధం. ఆ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. మీ అనుమతి లేకుండా మీ సంగతి ఇంకొకరికి చెప్పడం కూడా అదే చట్టం కిందకి వస్తుంది. ఎవరైనా తిప్పి పంపితే మా సెంటర్లాంటి చోటుకి తిరిగి రండి, లేదా ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి.

రెండు ఆసుపత్రుల మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేనడిగే ప్రశ్న ఒకటే: ఇక్కడి క్యాన్సర్ డాక్టరు మీ ఏఆర్టీ డాక్టరుతో ఫోన్లో మాట్లాడతాడా? మాట్లాడని పెద్ద భవనం కంటే మాట్లాడే చిన్న ఆసుపత్రి మేలు.

మచ్చ తగ్గుతోందో లేదో కంటితో చూసి చెప్పలేం, రోజూ చూసే కన్ను మోసపోతుంది. అందుకే అరికాలి అతనికి నెలకోసారి, ఒకటో తారీఖున, మచ్చ పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఒకే వెలుతురులో ఫొటో తీయమన్నాను. వాళ్లావిడ తీసేది. మూడో నెల ఫొటోలో ఒక మచ్చ ఉబ్బింది, గొడవైంది, మాత్ర మానలేదు. ఐదో నెలకి అన్నీ చదునయ్యాయి. తొమ్మిదో నెలకి సీడీ4 240 దాటింది. వంకాయ రంగు పోయి టీ మరకలాంటి గోధుమ రంగు మిగిలింది. "ఇంకా పోలేదుగా మేడమ్" అన్నాడు. అది జబ్బు కాదు, కారిన రక్తం చర్మంలో వదిలిన మరక, కొందరికి ఏళ్లు ఉంటుంది అని డాక్టరమ్మ చెప్పింది. వాళ్లావిడ అతని కాలు వంక చూసి, "చెప్పు కరిచిందని చెప్పుకోవచ్చులెండి" అంది.